కుర్చీ తెచ్చుకోండి

మా వీధిలోకి కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు వారం తిరక్కుండానే నన్నొక ప్రశ్న అడుగుతారు. "మీకు ఎంతమంది కూతుళ్ళు తాతగారూ?" అని. ఒక్కతే అంటాను. నమ్మరు. ఎలా నమ్ముతారు? ఆదివారం పొద్దున మా ఇంటికొచ్చే జనం "ఏం అల్లుడూ, నీ కుర్చీ ఎంతవరకొచ్చింది?" అని ఒకరినొకరు పలకరించుకుంటూ వస్తారు. వాళ్ళలో అరవై దాటిన టీచరమ్మ కూడా ఉంది. ఆవిడా అల్లుడే.

అడిగిన ప్రతివాళ్ళకీ మొదట్నుంచీ చెప్పుకురావాలంటే నాకు ఓపిక చాలదు. నా మాట అసలే నిదానం. నేనొక మాట అని ఇంకో మాట అనేలోపు వినేవాడు టీ తాగి రావచ్చు అనేది మా ఆవిడ, ఉన్నన్నాళ్ళూ. అందుకని ఒక్కసారి చెప్పి రాయించేస్తే, అడిగినవాళ్ళ చేతిలో కాగితాలు పెట్టి ఊరుకోవచ్చు కదా అనిపించింది. నాకు అక్షరాలు కూడబలుక్కోవడం వరకే వచ్చు. రాసేది మా ఇంటి మనిషే.

నేను పేము కుర్చీలు అల్లేవాణ్ణి. చెక్క చట్రం చుట్టూ చిన్న చిన్న చిల్లులుంటాయి. పేముని సన్నటి బద్దలుగా చీల్చి, నీళ్ళలో నానబెట్టి, ఆ చిల్లుల్లోంచి లాగుతూ సీటు అల్లాలి. నిలువు ఒక వరస, దాని మీద అడ్డం ఒక వరస, మళ్ళీ నిలువు, మళ్ళీ అడ్డం. ఆ తర్వాత ఐమూలగా ఒకసారి, దానికి ఎదురు ఇంకోసారి. ఆరు వరసలూ అయ్యాక చూస్తే సీటంతా తేనెపట్టులా కళ్ళు కళ్ళుగా ఉంటుంది. నలభై ఏళ్ళు ఒకే దుకాణంలో, ఒకే కిటికీ కింద కూర్చుని ఈ పనే చేశాను. ప్లాస్టిక్ కుర్చీలొచ్చాక దుకాణం మూసేశారు. ఆ తర్వాత కొన్నాళ్ళకి మా ఆవిడ పోయింది. అయిదేళ్ళ కిందట కూతురి దగ్గరికొచ్చేశాను.

మా అమ్మాయి ఆస్పత్రిలో నర్సు. మా అల్లుడు ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. అచ్చుకెళ్ళే ముందు కాగితాల్లో తప్పులు పట్టుకోవడమన్నమాట. పెళ్ళైన కొత్తలో ఆ పనేమిటో నాకు అంతుపట్టలేదు.

"రాసేది ఒకడు, అచ్చేసేది ఇంకొకడు. మధ్యలో నువ్వేం చేస్తావు బాబూ?" అని అడిగాను.

"చూస్తాను మామయ్యా."

"చూసి?"

"తప్పుంటే దిద్దుతాను."

"లేకపోతే?"

"ఊరుకుంటాను."

"అంటే ఊరుకున్నందుకు కూడా జీతమిస్తారన్నమాట!" అన్నాను. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. అది మొదలు పన్నెండేళ్ళు ఆ జోకు నేను వదల్లేదు. కుళాయి కారితే నేనే బిగించాలి, మేకు కొట్టాలంటే నేనే కొట్టాలి. అతను సుత్తి పట్టుకుంటే మేకు కూడా భయపడదు అనేవాణ్ణి. మళ్ళీ నవ్వేవాడే తప్ప ఒక్కనాడూ ఎదురు మాట అనలేదు. చేతులతో చేసేదే పని అని నా నమ్మకం. కళ్ళతో చేసేది కూడా ఒక పనేనా అని లోపల ఉండేది, అదే నోట్లోంచి వచ్చేది.

మా వీధి చివర చెత్తకుండీ ఉంది. ఒకరోజు ఎవరో పేము కుర్చీ పారేశారు. చట్రం ఉక్కులా ఉంది, సీటొకటే పోయింది. మోసుకొచ్చి బాల్కనీలో పెట్టి అల్లాను. చేతులకి ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత ఇంకోటి. మూడోది తెచ్చేసరికి మా అమ్మాయి, "నాన్నా, మనమున్నది ముగ్గురం. ఇంట్లో తొమ్మిది కుర్చీలున్నాయి. ఇంక మనుషుల్ని తెచ్చుకోవాలి" అంది.

హాస్యానికే అంది. నాకు మాత్రం ఆ మాట లోపల పడిపోయింది. అయిదేళ్ళుగా ఆ వీధిలో ఉన్నాను, పట్టుమని పదిమంది తెలీదు. పై అంతస్తువాళ్ళని అడుగుల చప్పుడు బట్టి గుర్తుపడతాను తప్ప ముఖాలు తెలీవు. అందరూ ఉండేది ఫోన్లో. 'మన వీధి' అని ఒక గ్రూపు ఉంది, మా అమ్మాయి నన్నూ అందులో చేర్చింది. నీళ్ళెప్పుడొస్తాయి, గేటుకి అడ్డంగా స్కూటరెవరిది, అంతే దాన్లో ఉండేది. అవి కాక రోజూ ఆరింటికల్లా పువ్వుల బొమ్మతో గుడ్‌మార్నింగ్ పెట్టే ఆయనొకడు. అసలు పేరు ఎవరికీ తెలీదు, గుడ్‌మార్నింగ్ గారు అంటారు. ఇంతమంది ఒకచోట ఉన్నారు కదా, ఆదివారం ఒక గంట పిలిచి కుర్చీలు అల్లడం నేర్పితే ఎలా ఉంటుందని నాకు ఆశ పుట్టింది.

"మెసేజి పెట్టడం ఎలా?" అని మా అల్లుణ్ణి అడిగాను.

ఓపిగ్గా చూపించాడు. "ఇక్కడ పక్కనున్న మైకు బొమ్మ నొక్కిపట్టి మాట్లాడితే మీ గొంతే వెళ్తుంది. అక్షరాల మధ్యలో ఇంకో మైకు ఉంది చూశారా? అది మీ మాటల్ని రాసేస్తుంది. దాని జోలికి మాత్రం వెళ్ళకండి మామయ్యా. మీరు ఆగినచోట అది ఆగదు, దానికి తోచింది రాసుకుపోతుంది."

శనివారం పొద్దున ఎప్పట్లాగే తొమ్మిదింటికి అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని అతను ప్రెస్సుకి బయల్దేరాడు. మా అమ్మాయి అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయింది. నేను ఫోను తీసుకుని బాల్కనీలో కూర్చున్నాను. చెప్పాల్సింది రెండుసార్లు నోట్లో అనుకున్నాను. "అల్లిక పని నేర్పుతాను. ఖాళీగా ఉన్నవాళ్ళు ఆదివారం రండి. కుర్చీ తెచ్చుకోండి." మైకు నొక్కాను. నా పద్ధతిలో, నిదానంగా, ఊపిరి తీసుకుంటూ చెప్పాను. పచ్చ బాణం నొక్కాను. వెళ్ళింది.

ఏ మైకు నొక్కానో మీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. నాకు తెలీదు.

పావుగంటలో జవాబులు మొదలయ్యాయి. అంకెలు నాకు బాగా వచ్చు, కొలతల మనిషిని కదా. ఫోను మీద అయిదు అని కనిపించింది. తర్వాత తొమ్మిది. పదిహేడు. ముప్ఫై ఒకటి! గుడ్‌మార్నింగుకి కూడా అన్ని రావు. ముప్ఫై ఒక్కమందికి పేము చాలదే అని నాకు కంగారు పట్టుకుంది. మంచం కింద దాచిన చుట్టలన్నీ బయటికి లాగి, మంచి బద్దలు ఒకవైపు, నాసివి ఇంకోవైపు వేరు చేస్తూ కూర్చున్నాను. నాలో నేనే నవ్వుకున్నాను కూడా.

పదకొండింటికి టీపొడి కోసం కింద షాపుకి దిగాను. షాపావిడ నన్ను చూడగానే గల్లాపెట్టె వదిలి ఇవతలికొచ్చింది. ఎప్పుడూ రాదు.

"దిగులు పడకండి తాతగారూ. వస్తాయి, పోతాయి. మళ్ళీ వస్తాయి" అంది.

కుర్చీల గురించి అనుకున్నాను. "పోతే పోయాయమ్మా, చట్రం గట్టిగా ఉంటే చాలు. మిగతాది నేను చూసుకుంటాను" అన్నాను.

ఆవిడ కళ్ళు పెద్దవి చేసింది. "మీలాంటి మామగారు దొరకాలంటే పెట్టి పుట్టాలి" అని టీపొడి మీద ఒక బిస్కెట్ పొట్లం పెట్టింది. మెసేజి ఒక్కటి పెడితే మనుషులు ఇంత మారిపోతారా అనుకుంటూ మెట్లెక్కాను.

రెండింటికి మా అమ్మాయి వచ్చింది. ముప్ఫై ఒక్కమంది వస్తున్నారని గొప్పగా చెప్పి ఫోను చేతికిచ్చాను. చూసింది. తర్వాత గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుండిపోయి, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"నాన్నా! ఏం పెట్టావో తెలుసా? విను. 'అల్లుడికి పని నేర్పుతాను. ఖాళీగా ఉన్నాడు. ఆదివారం రండి. కుర్చీ తెచ్చుకోండి.'"

తల కొట్టేసినట్టయింది.

"అల్లిక అన్నానే తల్లీ!"

"అల్లి... అని ఊపిరి తీసుకుని ఉంటావు. అది ఆగదు కదా. అల్లుడి దగ్గరికి వెళ్ళిపోయింది." మళ్ళీ నవ్వింది. "ఇది విను, 'తమాషా చూడ్డానికి కుర్చీలు కూడా మేమే తెచ్చుకోవాలా తాతగారూ?' ఇంకొకాయన, 'అయ్యో, ఉద్యోగం ఎప్పుడు పోయింది?' ఇదెవరో, మా బావమరిది గోడౌన్లో మనిషి కావాలట, పంపించండి అంటున్నారు. గుడ్‌మార్నింగ్ గారైతే నవ్వే బొమ్మలు పదకొండు పెట్టారు."

"తీసెయ్యి, తీసెయ్యి."

"ఇంకెక్కడ తీసేది, వీధంతా చూసేశారు. ఆయన డ్యూటీలో ఫోను చూడరులే. సాయంత్రం నేనే చెప్తాను. ఆయనా నవ్వుతారు."

ఆ మాట ఇంకా ఆమె నోట్లో ఉండగానే తలుపు దగ్గర మా అల్లుడు నిలబడ్డాడు. ఆరింటికి రావాల్సిన మనిషి. ముఖం పాలిపోయి ఉంది. సంచి భుజానే ఉంది, అన్నం డబ్బా తెరిచినట్టు లేదు.

"మీకెవరు చెప్పారు మామయ్యా?" అన్నాడు.

"ఏం చెప్పారు?"

"నాకు పని లేదని."

మా అమ్మాయి నవ్వు అక్కడే ఆగిపోయింది. అతను మా ఇద్దరి ముఖాలూ చూశాడు. మాకు ఏమీ తెలీదన్న సంగతి అప్పుడు అర్థమైంది అతనికి. కానీ అప్పటికి తానే చెప్పేశాడు.

ప్రెస్సు మూసేసి రెండు నెలలైందట.

"రెండు నెలలు!" అంది మా అమ్మాయి. "రెండు నెలలు రోజూ డబ్బా కట్టిచ్చాను."

"తిన్నాను కదా. రోజూ తిన్నాను" అన్నాడు, అదేదో తనవైపు న్యాయం ఉన్నట్టు.

"ఎక్కడ?"

"నీళ్ళ బిల్లుల ఆఫీసులో. అక్కడ బెంచీలున్నాయి, ఫ్యానుంది. టోకెన్ తీసుకుని కూర్చుంటే ఎవరూ ఏమీ అడగరు. నంబరు పిలిచాక ఇంకో టోకెన్ తీసుకునేవాణ్ణి." సంచి భుజం మీంచి దించి, "వాళ్ళ గోడ మీద ఒక నోటీసుంది. అందులో పదకొండు తప్పులున్నాయి" అన్నాడు.

మా అమ్మాయి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెల చప్పుడు వినిపించింది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతోంది.

అతను నావైపు తిరిగాడు. "తెలిసి పెట్టలేదని నమ్ముతున్నాను మామయ్యా. అయినా ఇంక ఈ వీధిలో తలెత్తుకుని నడవలేను. రేపు పది గంటల బస్సుకి అన్నయ్య దగ్గరికి వెళ్తాను. అక్కడే ఏదో ఒకటి చూసుకుంటాను." మెల్లగా, ఎవరిదో వాక్యం పైకి చదువుతున్నట్టు అన్నాడు. అతను వెళ్తే తిరిగొస్తాడన్న ధైర్యం నాకు కలగలేదు. నా కూతురి సంసారం ఒక్క మాటతో వీధిలో పడేశాననిపించింది.

"ఉండు బాబూ. అల్లుడికి నిక్షేపంలాంటి ఉద్యోగముంది, ఫోను తప్పు రాసిందని ఇప్పుడే చెప్పేస్తాను" అని ఫోను అందుకున్నాను.

"వద్దు. తప్పు పక్కన ఇంకో తప్పు పెడితే దిద్దినట్టు కాదు."

"మరి ఎక్కడ దిద్దాలి?"

అలవాటుకొద్దీ చెయ్యి చాపాడు. ఫోను కాస్త దూరంగా పెట్టుకుని, తర్వాత దగ్గరికి తెచ్చుకుని, పెదవులు కదలకుండా చదివాడు. అతను అలా చదవడం అదే మొదటిసారి నేను పనిగట్టుకుని చూడటం. చెయ్యి తిరిగినవాడు పేము బద్దని వేలి మీద వంచి చూసినట్టే ఉంది.

"రెండుచోట్ల. 'అల్లిక' బదులు 'అల్లుడికి' పడింది. 'ఉన్నవాళ్ళు' బదులు 'ఉన్నాడు' పడింది. మిగతాదంతా సరిగ్గానే ఉంది."

"రెండే?"

"రెండే."

"నువ్వు పక్కనుంటే ఇది వెళ్ళేదా?"

"వెళ్ళేది కాదు."

"చూసి, ఆపేసేవాడివి."

"ఆపేసేవాణ్ణి."

"ఇన్నేళ్ళూ నువ్వు చేసిన పని ఇదేనా?"

"ఇదే మామయ్యా."

పన్నెండేళ్ళుగా ఎన్ని కొంపలు మునగకుండా ఆపి ఉంటాడో ఎవరికి తెలుసు. మునగలేదు కాబట్టి ఎవరికీ తెలీదు. మునిగితే ఎలా ఉంటుందో మాత్రం ఆ మధ్యాహ్నం నాకు తెలిసింది.

"ఆ గొంతు వెళ్ళే మైకేదో చూపించు" అన్నాను. చూపించాడు. నొక్కిపట్టుకుని, అతను అక్కడ నిలబడి వింటూండగానే మాట్లాడాను.

"నేను మూడో అంతస్తు కుర్చీల తాతని. నాకు చదువు రాదు. అల్లిక అంటే ఫోను అల్లుడు అని రాసింది. నవ్వాలంటే నన్ను చూసి నవ్వండి. నా అల్లుడి పని ఇలాంటి తప్పులు పట్టుకోవడం. అది పనే కాదని పన్నెండేళ్ళు ఎగతాళి చేశాను. అతను పనిచేసే ప్రెస్సు మూసేశారు, నాకు తెలీదు, ఇవాళే తెలిసింది. అతన్ని ఎవరూ ఏమీ అడగొద్దు. నన్నడగండి. కుర్చీలు అల్లడం మాత్రం నిజమే. రండి."

వేలు తీశాను. వెళ్ళిపోయింది.

"నాలుగు నిమిషాల మెసేజి మామయ్యా" అన్నాడు.

"ఎక్కువైందా?"

"అందులో మూడు నిమిషాలు మీరు ఆగినవే. ఎవరూ పూర్తిగా వినరు." ఆ మాట అని లోపలికెళ్ళి సంచి సర్దుకున్నాడు.

మర్నాడు తొమ్మిది దాటాక బయల్దేరాడు. మా అమ్మాయి నిన్నట్నుంచి అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. నాకు దణ్ణం పెట్టబోయాడు, పెట్టించుకోవడానికి నాకు ముఖం చెల్లలేదు. బద్దలు నానబెట్టిన బకెట్టు చూస్తూ కూర్చున్నాను. తలుపు తీసి రెండు మెట్లు దిగినవాడు అక్కడే ఆగిపోయాడు. మెట్ల నిండా కుర్చీలు పైకొస్తున్నాయి. కుర్చీల వెనక మనుషులు. మా మెట్లు అసలే ఇరుకు. కిందికి దిగే దారి లేదు.

ముందు గుడ్‌మార్నింగ్ గారు. చంకలో మడత కుర్చీ. కొత్తది, ఎక్కడా చినగలేదు. "మొదలైపోయిందా? అల్లుడుగారు ఏరి?" అన్నాడు, మా అల్లుడి ముఖం మీదే.

"నేనే" అన్నాడు మా అల్లుడు.

గుడ్‌మార్నింగ్ గారు పెట్టిన నవ్వే బొమ్మలు పదకొండూ ఆయన ముఖం మీంచి ఒక్కొక్కటే రాలిపోయాయి. ఆయన వెనక ఉన్నవాళ్ళ చేతుల్లోవి కూడా మంచి కుర్చీలే. కూర్చుని చూడ్డానికొచ్చారు. మా అల్లుడన్నది నిజమే, నాలుగు నిమిషాలు ఎవరూ వినలేదు.

ఈలోగా పై మెట్ల మీంచి, సీటు దిగిపోయిన పెద్ద పేము కుర్చీని ఒక్కో మెట్టుకీ కొడుతూ టీచరమ్మ దిగుతోంది. పై అంతస్తులో వినిపించే అడుగుల చప్పుడు ఆవిడదేనని నాకు ఆ క్షణంలో తెలిసింది.

"అలా చూస్తారేం బాబూ, వచ్చి ఒక చెయ్యి వెయ్యండి. దీన్లో కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాల్సొస్తోంది" అంది. అతను సంచి మెట్టు మీద పెట్టి వెళ్ళి కుర్చీ పట్టుకున్నాడు. "మీ మామగారి మెసేజి మొత్తం విన్నాను. రెండుసార్లు" అంది ఆవిడ, కాస్త గొంతు తగ్గించి.

ముందుగది నిండిపోయింది. తెచ్చుకున్న కుర్చీల్లో తొమ్మిదిమంది వరసగా కూర్చుని నన్ను చూస్తున్నారు. చూడ్డానికి ఏమీ లేక ఇబ్బంది పడుతున్నారు కూడా. టీచరమ్మ కుర్చీ పాత సీటు కోసెయ్యాలి, అది తర్వాత సంగతి. ముందు పని ఎలా ఉంటుందో చూపిద్దామని బాల్కనీలో నేను సగం అల్లిన కుర్చీ తెచ్చి మధ్యలో పెట్టాను. మా అల్లుడు సంచి తీసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. దారి ఖాళీ అయింది. నేను ఉండమనలేదు. ఏ నోటితో అనను?

"ముందు నిలువు, తర్వాత అడ్డం," అని మొదలుపెట్టాను. "ఇది అయిదో వరస, ఐమూల. ఇది ఒకదాని మీంచి, ఒకదాని కిందనుంచి..."

"మామయ్యా." తలుపు దగ్గర్నుంచి వచ్చింది మాట. "ఎడమవైపు మూడో వరసలో, అయిదో కన్ను. కిందనుంచి పోవాల్సింది పైనుంచి పోయింది."

నేను వేలు పెట్టి తడిమాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. వేలికి తగిలింది. నిజమే. నలభై ఏళ్ళలో నా అల్లికలో తప్పు చూపినవాడు లేడు. కళ్ళు మసకబారుతున్నాయని నేనెవరికీ చెప్పలేదు. ఆ ఇంట్లో దాచిపెట్టింది అతనొక్కడే కాదన్నమాట.

"తలుపు దగ్గర్నుంచి ఎలా కనిపించింది నీకు?"

"ఇప్పుడు కాదు. గురువారమే చూశాను."

"మరి ఊరుకున్నావేం?"

"ఊరుకుందామనే అనుకున్నాను. ఇక్కడ దానికి జీతమివ్వరు కదా, అందుకని చెప్పేశాను."

వంటింటి గుమ్మంలోంచి మా అమ్మాయి నవ్వు పొలమారినట్టు బయటికొచ్చింది. పన్నెండేళ్ళలో మా అల్లుడు నాకు తిరిగి అప్పగించిన మొదటి మాట అది. సరిగ్గా తగిలింది. నేను కూడా నవ్వాను. ఏమిటో అర్థం కాకపోయినా గుడ్‌మార్నింగ్ గారు కూడా నవ్వాడు.

మా అల్లుడు గడియారం చూశాడు. పది కావడానికి అయిదు నిమిషాలుంది. సంచి గోడవారన పెట్టి, వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"మెసేజిలో ఉన్నట్టే కానివ్వండి మామయ్యా. అల్లుడికి పని నేర్పుతానన్నారు. ఖాళీగానే ఉన్నాను. వీళ్ళంతా కుర్చీలు కూడా తెచ్చుకున్నారు."

బకెట్లోంచి ఒక బద్ద తీసి అతని చేతికిచ్చాను. చిల్లులో దూర్చి, ఉన్న బలమంతా పెట్టి లాగాడు.

"అంత వద్దు. తడిగా ఉన్నప్పుడు గట్టిగా లాగకూడదు. వదులుగా ఉన్నట్టే వదిలెయ్యాలి. ఆరాక అదే బిగుసుకుంటుంది. ఇప్పుడే బిగించావా, ఆరినప్పుడు తెగుతుంది."

"ఈ సంగతి నీకు ముందే తెలుసా నాన్నా?" అంది మా అమ్మాయి గుమ్మంలోంచి.

నేను బకెట్లోంచి ఇంకో బద్ద తీశాను. తెలుసు. కుర్చీల విషయంలో తెలుసు.

చూడ్డానికొచ్చినవాళ్ళు ఎంతసేపని చూస్తారు? అరగంటకి షాపావిడ కుర్చీ దిగి నేల మీద కూర్చుంది. తర్వాత ఇంకో ఇద్దరు. గుడ్‌మార్నింగ్ గారు ప్యాంటు నలుగుతుందని చాలాసేపు ఆలోచించి ఆఖర్న దిగాడు. ఆయన వేళ్ళు చూస్తే ఆశ్చర్యం వేసింది, నీళ్ళలో చేపల్లా కదులుతాయి. ఇంట్లో ఒక్కడే ఉంటాడట. పొద్దున ఆరింటికి గుడ్‌మార్నింగ్ పెట్టకపోతే తనింకా ఉన్నాడో లేడో ఎవరికి తెలుస్తుందని పెడతాడట. బద్ద లాగుతూ, తలెత్తకుండా చెప్పాడు. ఆ తర్వాత ఆయన బొమ్మకి వీధిలో ఎవరో ఒకరు రోజూ జవాబు పెడుతున్నారు.

మా అల్లుడికి అల్లడం వచ్చిందా అంటే, రాలేదు. చెయ్యి మొరాయిస్తుంది, చివర ముడి వెయ్యడం ఇప్పటికీ నేనే చెయ్యాలి. కానీ ఎవరి కుర్చీలో ఎక్కడ బద్ద తప్పుదారి పట్టినా గదికి ఆ మూలనుంచే చెబుతాడు. మొదట్లో చెప్పాలా వద్దా అని నీళ్ళు నమిలేవాడు. ఇప్పుడు వాళ్ళే కుర్చీ ఎత్తి చూపించి "అల్లుడుగారూ, ఒకసారి చూడండి" అంటారు. అది చూసి టీచరమ్మ, మెసేజిలో అల్లుడికి నేర్పుతానని ఉంది కాబట్టి నేర్చుకునేవాళ్ళందరూ అల్లుళ్ళే అని తేల్చింది. ఆ పేరు అలాగే ఉండిపోయింది. నాకిప్పుడు పదకొండుమంది.

మా అమ్మాయి నాలుగోరోజు మాట్లాడింది. ఎప్పట్లాగే పొద్దున డబ్బా కట్టి అతని చేతిలో పెట్టి, "ఇది ఇంట్లో కూర్చుని తినండి" అంది. అదే మొదటి మాట. అతను తొమ్మిదిన్నరకే తినేశాడు.

ఉద్యోగానికి తిరుగుతున్నాడు. ఒకచోట వద్దన్నారు, రెండుచోట్ల మళ్ళీ రమ్మన్నారు. ఎక్కడికి వెళ్తున్నదీ ఇంట్లో చెప్పి వెళ్తున్నాడు. వీధిలో అడిగితే వాళ్ళకీ చెబుతున్నాడు. నీళ్ళ బిల్లుల ఆఫీసుకి మాత్రం ఒకసారి వెళ్ళి, ఆ నోటీసులో పదకొండు తప్పులూ దిద్ది కాగితం ఇచ్చి వచ్చాడు. మా అల్లిక ఇప్పుడు కాస్త కుదుటపడింది.

గ్రూపులో ఎవరైనా పెద్ద సంగతి రాయాలంటే ముందు ఇతనికి చూపించుకుంటున్నారు. నేనూ అంతే. మాటలు రాసే మైకు జోలికి మళ్ళీ వెళ్ళలేదు.

ఇదంతా రాసింది కూడా మా అల్లుడే. 'ఖాళీగా ఉన్నాడు' అని నేను చెప్పినచోట కలం ఆగింది. నేనూ ఆగాను. "అది తీసేద్దామా బాబూ?" అన్నాను. "ఎందుకు, సరిగ్గానే ఉంది కదా" అని రాసుకుపోయాడు. అన్నం డబ్బా దగ్గర మాత్రం లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చాడు.

పూర్తయ్యాక మొదట్నుంచీ చదివి వినిపించమన్నాను. చదివాడు. మొత్తం మీద ఒక్కచోట నా చెవికి తేడా తగిలింది. నేను చెప్పింది 'మా అల్లుడు ఇప్పుడు కాస్త కుదుటపడ్డాడు' అని. అతను 'మా అల్లిక' అని రాశాడు.

"అక్కడ తప్పు పడింది" అన్నాను.

కాగితం వెనక్కి తిప్పి చూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "దిద్దేస్తాను మామయ్యా" అని కలం తీశాడు.

"ఊరుకో" అన్నాను.